గుమ్మం ముందు మనిషి: డౌన్‌టౌన్ దుకాణదారుల ప్రశ్నలకు జవాబులు

వాంకూవర్, సర్రే, పోర్ట్‌లాండ్ నగరాల్లో దుకాణాలు నడుపుతున్న తెలుగువారి నుంచి, ఆ దుకాణాల్లో పనిచేసే పిల్లల తల్లిదండ్రుల నుంచి కొంతకాలంగా మాకు ఒకే తరహా ఉత్తరాలు వస్తున్నాయి. మత్తుమందుల వ్యసనం గురించి, మానసిక అనారోగ్యం గురించి అక్కడి ప్రభుత్వాలు తీసుకుంటున్న నిర్ణయాలు తమ గల్లాపెట్టె దాకా ఎలా వస్తున్నాయో వాళ్లు అడుగుతున్నారు. ఈ సంచికలో శీర్షిక మొత్తాన్ని ఆ ఉత్తరాలకే కేటాయించాం. ఉత్తరాలను కుదించాం. రాసినవారి కోరిక మేరకు పేర్లు ఇవ్వడం లేదు.

ప్రశ్న: వాంకూవర్ డౌన్‌టౌన్‌లో ఎనిమిదేళ్లుగా చిన్న టిఫిన్ హోటలు నడుపుతున్నాను. పొద్దున షట్టరు తీసే వేళకు గుమ్మంలో ఎవరో ఒకరు పడుకుని ఉంటారు. వాళ్లను లేపి, కాల్చిన రేకు ముక్కలూ సూదులూ ఏరి, నీళ్లు పోసి కడిగితే గానీ నాకు బోణీ కాదు. మత్తుమందు దగ్గర పెట్టుకోవడం నేరం కాదని 2023లో అన్నారు. బయట వాడటం నేరమేనని 2024లో అన్నారు. 2026 జనవరితో ఆ ప్రయోగమే ముగిసిందన్నారు. ఇన్ని మార్పులొచ్చినా నా గుమ్మంలో ఏ మార్పూ లేదు. ఎందుకని?

జవాబు: ముందు ఆ చట్టం ఏం చేసిందో, దేని జోలికి పోలేదో విడదీసి చూద్దాం. వాంకూవర్, సర్రే ఉన్న బ్రిటిష్ కొలంబియా ప్రావిన్సులో (మన రాష్ట్రం వంటిది) మత్తుమందుల మరణాలను ప్రజారోగ్య అత్యవసర పరిస్థితిగా 2016 ఏప్రిల్ 14న ప్రకటించారు. ఆ తర్వాతా మరణాలు పెరుగుతూనే పోయి, 2023 ఒక్క ఏడాదిలో 2,500 మందికి పైగా చనిపోయారు. పోలీసులకు భయపడి మనుషులు తలుపులు వేసుకుని ఒంటరిగా మత్తుమందు వాడుతున్నారని, పక్కన ఎవరూ లేకపోవడం వల్లే ప్రాణాలు పోతున్నాయని, ఆ భయం తీసేస్తే వైద్యం దగ్గరికి వస్తారని ప్రావిన్సు ప్రభుత్వం వాదించింది. దాని కోరిక మీద కెనడా కేంద్ర ఆరోగ్య శాఖ 2023 జనవరి 31 నుంచి మూడేళ్లపాటు మత్తుమందుల చట్టం నుంచి మినహాయింపు ఇచ్చింది. 18 ఏళ్లు నిండినవారి దగ్గర హెరాయిన్, ఫెంటానిల్ (హెరాయిన్ కన్నా ఎన్నో రెట్లు బలమైన కృత్రిమ మత్తుమందు), కొకైన్, మెథ్, ఎండీఎంఏ అన్నీ కలిపి 2.5 గ్రాములు మించకపోతే అరెస్టు చేయరు, సరుకు లాక్కోరు, సహాయ కేంద్రాల వివరాలున్న కార్డు ఇస్తారు. ప్రావిన్సు అడిగింది 4.5 గ్రాములు, కేంద్రం 2.5 దగ్గర ఆగింది. అమ్మకం మాత్రం ఎప్పటిలాగే నేరం.

ఎంత దగ్గర పెట్టుకోవచ్చో ఈ ఏర్పాటు చెప్పింది గానీ, ఎక్కడ వాడకూడదో దాదాపు చెప్పలేదు. బడులు, శిశు సంరక్షణ కేంద్రాలు, విమానాశ్రయాలు మొదటి నుంచీ మినహాయింపు పరిధికి బయటే ఉన్నాయి. పిల్లల ఆటస్థలాలను 2023 సెప్టెంబరులో చేర్చారు. హోటలు గుమ్మం ఊసు ఎక్కడా లేదు. మీ హోటలు ముందు కాలిబాట మీద ఎవరైనా బీరు సీసా మూత తీస్తే పోలీసు ఆపగలడు, అదే చోట ఫెంటానిల్ కాలిస్తే ఆపలేడు అన్న విడ్డూరం అలా పుట్టింది. దాన్ని సరిదిద్దడానికి శాసనసభ 2023 నవంబరులో మరో చట్టం చేసి, భవనాల ద్వారాలకూ బస్సు స్టాపులకూ 6 మీటర్ల లోపు వాడకాన్ని నిషేధించబోయింది. అలా తరిమితే మనుషులు మళ్లీ ఒంటరి మూలలకు పోయి చనిపోతారని నర్సుల సంఘం ఒకటి కోర్టుకు వెళ్లడంతో, అదే ఏడాది డిసెంబరు 29న ప్రావిన్సు సుప్రీంకోర్టు ఆ చట్టాన్ని అమల్లోకి రాకుండా ఆపింది. చివరికి ప్రావిన్సు ప్రభుత్వాధినేత (ప్రీమియర్) డేవిడ్ ఎబీ మినహాయింపునే సవరించమని కేంద్రాన్ని అడిగి, 2024 మే 7 నుంచి బహిరంగ స్థలాల్లో మత్తుమందు కలిగి ఉండటాన్ని మళ్లీ నేరం చేయించారు. మిగిలిన భాగం 2026 జనవరి 31న గడువు తీరిపోయింది. ప్రావిన్సు పొడిగింపు అడగలేదు.

ఇక మీ గుమ్మం సంగతి. నర్సుల పర్యవేక్షణలో మత్తుమందు ఎక్కించుకునే కేంద్రం ఉత్తర అమెరికాలో చట్టబద్ధంగా మొదట తెరిచింది మీ నగరంలోనే. ఈస్ట్ హేస్టింగ్స్ వీధిలోని ఆ ఇన్‌సైట్ 2003లో మొదలైంది. దాన్ని మూయించాలని నాటి కేంద్ర ప్రభుత్వం చూస్తే, 2011లో కెనడా సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా అడ్డుకుంది. అయితే అది సూది వాడేవారి కోసం కట్టిన కేంద్రం. వరుసగా బల్లలు, శుభ్రమైన సూదులు, పక్కన నర్సు ఉంటారు. తర్వాతి దశాబ్దంలో హెరాయిన్ పోయి ఫెంటానిల్ వచ్చింది, సూది తగ్గి రేకు మీద కాల్చి పొగ పీల్చడం పెరిగింది. ఇప్పుడు ప్రావిన్సులో చనిపోతున్నవారిలో ఎక్కువమంది పొగ రూపంలో తీసుకున్నవారేనని అనుమానాస్పద మరణాలను విచారించే అధికారుల (కరోనర్ల) లెక్కలు చెబుతున్నాయి. నాలుగు గోడల మధ్య పొగ పీల్చనివ్వాలంటే వేరే గాలి ఏర్పాటు కావాలి, అక్కడ పనిచేసేవారి ఊపిరితిత్తుల సంగతి చూడాలి, పొగ నిషేధ నిబంధనలు దాటాలి. అందువల్ల పొగకు అనువైన చోట్లు చాలా తక్కువ. ఉన్న గదులు సూది వాడేవారి కోసం కట్టినవి. మీ గుమ్మంలో కూర్చున్నది పొగ పీల్చే మనిషి.

మరో రెండు సంగతులు కూడా ఇందులో కలుస్తాయి. హెరాయిన్ మత్తు కన్నా ఫెంటానిల్ మత్తు తొందరగా దిగిపోతుంది. కొన్ని గంటలకే ఒళ్లు నొప్పులు, వణుకు, వాంతులు మొదలవుతాయి కాబట్టి ఆ మనిషి రోజుకు ఎన్నోసార్లు తీసుకోవాల్సి వస్తుంది, అమ్మేవాడున్న వీధిని వదిలి దూరం పోలేడు. రెండోది నిద్ర. రాత్రిపూట మాత్రమే తెరిచే షెల్టర్లు పొద్దున్నే అందరినీ బయటికి పంపుతాయి, అది సరిగ్గా మీరు షట్టరు తీసే వేళ. పాత హోటళ్లను చీల్చి చేసిన ఒంటి గదుల్లో ఉండేవారికి తల మీద కప్పు ఉన్నా, వంటగది, స్నానాల గది నలుగురితో పంచుకోవాల్సిందే. నల్లుల బాధ పడలేక వీధిలోనే గడిపేవారు చాలామంది. వాంకూవర్ వానలో, లోపలికి మూడడుగులు జరిగి ఉన్న దుకాణపు గుమ్మానికి ఉన్న విలువ మీకన్నా వాళ్లకే బాగా తెలుసు. ప్రభుత్వ సాయం చెక్కు నెలకోసారి బుధవారం నాడు వస్తుంది. ఆ వారం అమ్మకాలు, ఓవర్‌డోసులు, గొడవలు ఒక్కసారిగా పెరుగుతాయని అక్కడి అంబులెన్సు సిబ్బందికీ దుకాణదారులకూ అనుభవమే. మీ నెల లెక్కల పుస్తకం తెరిచి చూసుకోండి, ఆ వారం అందులో కనబడుతుంది.

మన దగ్గర ఒక పోలిక ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో మద్యం దుకాణాల పక్కనుండే పర్మిట్ రూములు ఎత్తేశారు. తాగేవాళ్లు ఆ గది లేదని ఇంటికి పోలేదు. పక్క సందులో, మూసిన దుకాణాల అరుగుల మీద, కాలవ గట్ల మీద కూర్చున్నారు. మద్యానికీ ఫెంటానిల్‌కూ పోలికేమిటని కొందరికి కోపం రావచ్చు, నిజమే, ప్రమాదంలో పోలిక లేదు. కానీ గది లేనప్పుడు మనిషి ఎటు పోతాడన్న విషయంలో రెండూ ఒకటే. ఒక మనిషిని మీ గుమ్మం నుంచి లేపే అధికారం పోలీసుకు ఉందా లేదా అన్నది మాత్రమే 2023 నాటి మినహాయింపూ 2024 నాటి సవరణా తేల్చాయి. లేచాక అతను ఎక్కడికి పోవాలన్న దానికి రెండింటిలోనూ సమాధానం లేదు కాబట్టి, అతను మలుపు తిరిగి పక్కవారి గుమ్మంలో కూర్చుంటాడు, పక్కవారి గుమ్మం నుంచి లేపినవాడు మీ దగ్గరికి వస్తాడు.

మీ చేతిలో ఉన్న పనులు చిన్నవి. లోపలికి జరిగి ఉన్న గుమ్మానికి రాత్రి వేళ జాలీ గేటు బిగించడానికి ఇంటి యజమానిని ఒప్పించండి. గాజు పగిలితే బీమాకు పోయేముందు లెక్క వేసుకోండి. చాలా పాలసీల్లో ముందుగా మీరు భరించాల్సిన మొత్తం గాజు ఖరీదు కన్నా ఎక్కువగా ఉంటుంది, క్లెయిము చేస్తే మరుసటి ఏడాది ప్రీమియం పెరుగుతుంది. చిన్న వ్యాపారాలకు విధ్వంసం మరమ్మతుల కింద 2,000 డాలర్ల దాకా, నివారణ ఏర్పాట్లకు 1,000 డాలర్ల దాకా తిరిగి ఇచ్చే పథకాన్ని ప్రావిన్సు 2023 నవంబరులో ప్రకటించింది. ఇలాంటివి కొద్ది కాలమే తెరిచి ఉంటాయి కాబట్టి ప్రతి నష్టానికీ ఫొటో, తేదీ, బిల్లు దాచి పెట్టుకోవడం అలవాటు చేసుకోండి.

ప్రశ్న: మాది గుంటూరు. మా అబ్బాయి సర్రేలో చదువుకుంటూ రాత్రిపూట ఒక కన్వీనియన్స్ స్టోర్లో పనిచేస్తున్నాడు. పోయిన నెల స్టోరు బాత్రూములో ఒక మనిషి పెదవులు నీలంగా మారి పడి ఉన్నాడట. వాడు కంగారుపడి యజమానికి ఫోన్ చేస్తే, "నువ్వు వీసా మీద ఉన్నావు, ముట్టుకోకు, మనకెందుకు" అన్నాడట. ఇంతలో ఎవరో కస్టమరు అంబులెన్సును పిలిచారు. మావాడు అసలేం చేసి ఉండాల్సింది? ఇలాంటి వాటిలో తల దూరిస్తే చదువుకూ వీసాకూ ముప్పు రాదా?

జవాబు: యజమాని చెప్పింది తప్పు, అది ఒక ప్రాణం పోగొట్టగల తప్పు. మీ అబ్బాయి మొదట ఫోన్ చేయాల్సింది 911కు. ఓవర్‌డోస్ జరిగిన చోట సాయం కోసం పిలిచినవారి మీద, అక్కడ ఉన్నవారి మీద మత్తుమందు దగ్గర ఉందన్న చిన్న కేసు పెట్టకుండా రక్షించే చట్టం కెనడాలో 2017 మే నుంచి అమల్లో ఉంది. మీ అబ్బాయి దగ్గర మత్తుమందే లేదు కాబట్టి ఆ రక్షణ అవసరం కూడా అతనికి రాదు. అంబులెన్సును పిలవడం ఏ వీసా నిబంధననూ ఉల్లంఘించడం కాదు. ఆపదలో ఉన్న మనిషికి చేతనైన సాయం చేసినవారి మీద, ఘోరమైన నిర్లక్ష్యం ఉంటే తప్ప, నష్టపరిహారం దావా నిలవదని బ్రిటిష్ కొలంబియా చట్టం కూడా చెబుతోంది.

నాలక్సోన్ అనే విరుగుడు మందు కిట్లను ప్రావిన్సు 2012 నుంచి పంచుతోంది. ఇప్పుడు చాలా ఫార్మసీల్లో ఉచితంగా దొరుకుతాయి, వాడే పద్ధతి పది నిమిషాల్లో నేర్పుతారు. ఒకటి కౌంటరు కింద, ఒకటి తన సంచిలో పెట్టుకోమని చెప్పండి. పిలిచినా, భుజం గట్టిగా తట్టినా లేవకపోవడం, శ్వాస బాగా నెమ్మదించడం లేదా గురగురమనడం, పెదవులూ గోళ్లూ నీలంగా లేదా బూడిద రంగుకు తిరగడం లక్షణాలు. 911కు ఫోన్ చేసి, స్పీకరు పెట్టి, వాళ్లు చెప్పినట్టు చేయాలి. తల వెనక్కి వంచి ఐదు సెకన్లకు ఒక ఊపిరి చొప్పున ఊదడానికి కిట్‌లోనే ముసుగు ఉంటుంది. నాలక్సోన్ ఇచ్చాక కొన్ని నిమిషాలు చూసి, శ్వాస పుంజుకోకపోతే రెండో మోతాదు ఇవ్వాలి.

ఇక్కడ ఒక కొత్త చిక్కు వచ్చింది. వీధిలో అమ్మే ఫెంటానిల్‌లో బెంజోడయాజెపైన్ల వంటి నిద్రమందులు, ఈమధ్య పశువైద్యంలో వాడే మెడెటమిడిన్ కూడా కలుపుతున్నారు. నాలక్సోన్ ఫెంటానిల్‌ను మాత్రమే విరుస్తుంది, వాటిని విరవదు. అందుకని శ్వాస సరిగ్గా ఆడుతున్నా మనిషి లేవకపోవచ్చు. కళ్లు తెరవలేదని మోతాదు మీద మోతాదు ఇవ్వనక్కర్లేదు. శ్వాస ఆడుతుంటే పక్కకు తిప్పి పడుకోబెట్టి, అంబులెన్సు వచ్చేదాకా దగ్గర ఉండాలి. ఫెంటానిల్‌ను తాకితేనే మనిషి పడిపోతాడన్న ప్రచారాన్ని మాత్రం నమ్మవద్దు. చేతి తొడుగులు వేసుకుని, తర్వాత సబ్బుతో కడుక్కుంటే చాలు.

ఆ యజమానికి ఇంకో సంగతి కూడా తెలియాలి. ఒంటరిగా, రాత్రిపూట పనిచేసే ఉద్యోగి క్షేమాన్ని ఎప్పటికప్పుడు కనుక్కునే పద్ధతి రాసి పెట్టాల్సిన బాధ్యత ప్రావిన్సు పని భద్రత నిబంధనల కింద యజమానిదే. ప్రమాదకరమైన పనిని నిరాకరించే హక్కు విద్యార్థి ఉద్యోగికీ ఉంది. మీ అబ్బాయి ఆ రాత్రి చూసిన దృశ్యం మనసులో తిరుగుతుంటే దాన్ని మీరు చిన్నది చేయకండి. కెనడాలో మానసిక సంక్షోభంలో ఉన్నవారికి సాయపడే 988 నంబరుకు ఏ వేళనైనా ఫోన్ చేసి మాట్లాడవచ్చు.

ప్రశ్న: నలుగురు స్నేహితులం కలిసి పోర్ట్‌లాండ్ డౌన్‌టౌన్‌లో పెట్టిన రెస్టారెంటును రెండేళ్ల క్రితం నష్టాలతో మూసేశాం. మెజర్ 110 అనే చట్టమే డౌన్‌టౌన్‌ను ముంచిందని అక్కడ అందరూ అంటారు. మా భాగస్వాముల్లో ఒకరు మాత్రం దానికీ దీనికీ సంబంధం లేదని వాదిస్తారు. ఎవరిది నిజం?

జవాబు: ఇద్దరిదీ సగమే. పోర్ట్‌లాండ్ ఉన్న అమెరికా రాష్ట్రం ఒరెగాన్‌లో ఓటర్లు 2020 నవంబరులో 58 శాతం మద్దతుతో ఆ చట్టాన్ని ఆమోదించారు, 2021 ఫిబ్రవరి 1న అమల్లోకి వచ్చింది. మత్తుమందు కొద్దిగా దగ్గర ఉంటే అరెస్టు బదులు 100 డాలర్ల జరిమానా టికెట్టు ఇచ్చేవారు. ఒక ఫోన్ నంబరుకు కాల్ చేసి ఆరోగ్య పరీక్ష చేయించుకుంటే అదీ రద్దయ్యేది. కట్టకపోయినా, ఫోన్ చేయకపోయినా అడిగేవారు లేకపోయారు. ఫోన్ చేసినవారు చాలా తక్కువ మంది. చికిత్సకు గంజాయి పన్ను నుంచి రావాల్సిన డబ్బు సంస్థలకు చేరడంలో బాగా ఆలస్యమైందని రాష్ట్ర ఆడిట్లే తేల్చాయి. శిక్ష మొదటి రోజే పోయింది, చికిత్స ఏడాదిన్నర తర్వాత నడక మొదలుపెట్టింది. నా దృష్టిలో ఆ చట్టం చేసిన తప్పు ఇదే. వాళ్లు ఆదర్శంగా చెప్పుకున్న పోర్చుగల్‌లో, 2001 నుంచి, పట్టుబడిన మనిషి ఒక కమిషన్ ముందు హాజరు కావాలి. అక్కడ అతనితో మాట్లాడేవారుంటారు, పంపడానికి చికిత్సా ఉంటుంది. ఒరెగాన్ ఆ కమిషన్ బదులు ఫోన్ నంబరు పెట్టింది.

ఇక మీ భాగస్వామి వాదంలోని సగం. ఫెంటానిల్ పశ్చిమ తీరానికి పెద్దఎత్తున చేరిన కాలమూ ఈ చట్టం వచ్చిన కాలమూ ఒకటే. ఫెంటానిల్ వ్యాప్తిని కూడా లెక్కలోకి తీసుకుని చూస్తే, మరణాల పెరుగుదలకూ ఆ చట్టానికీ సంబంధం కనిపించలేదని 2024లో వెలువడిన ఒక అధ్యయనం చెప్పింది. రెస్టారెంటు లెక్క ఇంకా చిక్కైనది. 2020లో కరోనాతో ఆఫీసులు ఖాళీ అయ్యాయి, వంద రాత్రులకు పైగా నిరసనలు సాగాయి, అద్దాల స్థానంలో ప్లైవుడ్ చెక్కలు వచ్చాయి. మధ్యాహ్నం భోజనానికి వచ్చే ఆఫీసు ఉద్యోగి వారానికి ఐదు రోజుల నుంచి రెండు రోజులకు తగ్గితే, కాలిబాట అద్దంలా మెరుస్తున్నా మీ లెక్క కుదరదు. అలాగని వీధి భయం ఉత్త అపోహ కాదు. క్యాంపింగ్, ఆటల సామగ్రి అమ్మే ఆర్‌ఈఐ వంటి పెద్ద సంస్థే పోర్ట్‌లాండ్‌లోని తన దుకాణాన్ని దొంగతనాల కారణం చెప్పి మూసుకుంది. 2024 జనవరి 30న గవర్నర్, కౌంటీ, నగరం కలిసి డౌన్‌టౌన్‌లో ఫెంటానిల్ మీద 90 రోజుల అత్యవసర పరిస్థితి ప్రకటించాయి.

అదే ఏడాది ఏప్రిల్ 1న గవర్నర్ టీనా కోటెక్ సంతకం చేసిన కొత్త చట్టంతో సెప్టెంబరు 1 నుంచి మత్తుమందు కలిగి ఉండటం మళ్లీ నేరమైంది. జైలుకు బదులు చికిత్సకు మళ్లించే ఏర్పాటు చేయాలా వద్దా అన్నది కౌంటీల ఇష్టానికి వదిలారు. ఇక కేసులు మళ్లీ కోర్టుకు వస్తే, పేదల తరఫున వాదించే ప్రభుత్వ న్యాయవాదుల కొరత ఆ రాష్ట్రంలో ముందు నుంచే ఉంది. వ్యాపారంలోకి మళ్లీ దిగే ఆలోచన ఉంటే, చట్టం పేరు చూసి నిర్ణయించుకోకండి. మీరు అద్దెకు తీసుకోబోయే వీధిలో మంగళవారం మధ్యాహ్నం ఒకసారి, శుక్రవారం రాత్రి ఒకసారి రెండేసి గంటలు నిలబడి, వచ్చేపోయేవారిని లెక్కపెట్టండి.

ప్రశ్న: ఈ చట్టాలూ కిట్లూ ఎందుకు? మతి స్థిమితం లేనివారిని, వ్యసనపరులను బలవంతంగానైనా ఆసుపత్రిలో చేరిస్తే వాళ్లూ బాగుపడతారు, మా వ్యాపారాలూ బాగుపడతాయి. పూర్వం అలాగే చేసేవారు కదా?

జవాబు: పూర్వం చేసేవారు. వాంకూవర్ పక్కన కొక్విట్లాంలో 1913లో తెరిచిన రివర్‌వ్యూ ఆసుపత్రిలో 1950లలో 4,000 మందికి పైగా రోగులు ఉండేవారు. కొత్త మందులు వచ్చాయి, అలాంటి ఆసుపత్రుల్లో జరిగే అన్యాయాలు బయటపడ్డాయి, రోగులను ఊళ్లలోనే ఉంచి చూసుకోవాలన్న ఆలోచన బలపడింది. క్రమంగా పడకలు తగ్గిస్తూ 2012లో ఆసుపత్రిని పూర్తిగా మూసేశారు. ఊళ్లో చూసుకునే ఏర్పాటు మాత్రం మూసినంత వేగంగా రాలేదు. అమెరికాలో ఇదే కథ ఇంకా పెద్ద ఎత్తున నడిచింది. 1955లో అక్కడి రాష్ట్ర మానసిక వైద్యశాలల్లో సుమారు 5,58,000 మంది ఉండేవారు. 1963లో అధ్యక్షుడు కెనెడీ సంతకం చేసిన చట్టం ఊరూరా మానసిక ఆరోగ్య కేంద్రాలు కడతామంది, అనుకున్నన్ని ఎన్నడూ కట్టలేదు.

బలవంతపు చికిత్స ఇప్పుడు లేదనుకోవడం పొరపాటు. బ్రిటిష్ కొలంబియా మానసిక ఆరోగ్య చట్టం కింద ఒక వైద్యుడి సర్టిఫికెట్‌తో 48 గంటలు, రెండో వైద్యుడు కూడా సంతకం చేస్తే నెల రోజుల దాకా, ఆపైన పొడిగించి కూడా ఉంచవచ్చు. ఏటా వేల మందిని ఇలా చేరుస్తున్నారు. వ్యసనం ఒక్కటే ఉన్న మనిషిని ఈ చట్టం కింద ఉంచలేరు. మానసిక వ్యాధి గానీ, మెదడు దెబ్బతినడం గానీ తోడైతే ఉంచవచ్చని 2025 మార్చిలో వైద్యులకు స్పష్టమైన మార్గదర్శకాలు ఇచ్చారు. ఆ ఏడాదే సర్రే జైలులో 10 పడకలు, మేపుల్ రిడ్జ్‌లో దీర్ఘకాలం ఉండేవారి కోసం మరికొన్ని మొదలుపెట్టారు. రివర్‌వ్యూ ఆవరణలోనే 2021లో తెరిచిన రెడ్ ఫిష్ కేంద్రంలో ఉన్నవి 105 పడకలు. నాలుగు వేలకూ నూట అయిదుకూ మధ్య తేడా అంతా వీధిలోనే లేదు, మంచి మందులతో ఇంట్లో బతికేవారూ అందులో ఉన్నారు. అయినా ఆ తేడాలో కొంత భాగం మీ గుమ్మం దాకా వచ్చిందనడం అతిశయోక్తి కాదు.

మీ మాటలో న్యాయం లేకపోలేదు. చలిలో చెప్పులు లేకుండా తనలో తాను అరుచుకునే మనిషిని "అది అతని స్వేచ్ఛ" అని వదిలేయడం నాకూ మర్యాదగా కనబడదు. కానీ ఒక ప్రమాదం ఉంది. మూడు వారాలు మత్తుమందు లేకుండా గడిపిన ఒంటికి పాత మోతాదును తట్టుకునే శక్తి పోతుంది. అలాంటి మనిషిని ఇల్లూ, వ్యసనానికి వైద్యులు రోజూ ఇచ్చే మెథడోన్ వంటి నిలకడైన మందూ లేకుండా అదే వీధిలో వదిలితే, మొదటి వారంలోనే చనిపోయే అవకాశం మునుపటి కన్నా ఎక్కువ. చేర్చుకునే పడక ఎంత అవసరమో, బయటికొచ్చాక ఉండే గది అంతే అవసరం. రాజకీయ నాయకులు పడకల సంఖ్య ప్రకటించినప్పుడు గదుల సంఖ్య అడిగేవారు లేరు. దుకాణదారులే అడగాలి, మిగతా ఊరి కన్నా వాళ్లకు దాని అవసరం ఎక్కువ.

ప్రశ్న: మా అద్దె బిల్లులో "బీఐఏ" అని ప్రతి నెలా ఒక మొత్తం కలుపుతున్నారు. పన్నులు కడుతున్నాం, పోలీసులు ఉన్నారు. మళ్లీ ఈ ప్రైవేటు గార్డులకూ చీపుర్లకూ మేమెందుకు కట్టాలి?

జవాబు: బీఐఏ అంటే వ్యాపార అభివృద్ధి ప్రాంతం. ఈ ఏర్పాటు ప్రపంచంలో మొదట 1970లో టొరంటోలోని బ్లూర్ వెస్ట్ విలేజ్‌లో పుట్టింది. అప్పట్లో శత్రువు మత్తుమందు కాదు, కొత్త షాపింగ్ మాల్స్. వీధి దుకాణాలన్నీ తప్పనిసరి చందా వేసుకుని దీపాలు, బెంచీలు, పూలకుండీలు పెట్టుకున్నాయి. ఆ చందాను నగరం ఆస్తి పన్నుతో పాటు వసూలు చేసి సంఘానికి ఇస్తుంది. భవన యజమాని దాన్ని లీజు ప్రకారం మీ మీదికి తోస్తాడు. పూలకుండీల డబ్బు క్రమంగా గార్డులకు, సూదులు ఏరేవారికి, గోడల మీద రాతలు తుడిచేవారికి మళ్లింది. ప్రభుత్వం చేయాల్సిన పని చిల్లర వర్తకుడి మీద పడిందన్న మీ కోపం సబబే. గార్డుకు పోలీసు అధికారం లేదన్నది కూడా గుర్తుంచుకోండి. అయితే వాంకూవర్ డౌన్‌టౌన్ సంఘంలో అద్దెదారులూ సభ్యులే. వార్షిక సమావేశానికి వెళ్లి బడ్జెట్ పత్రం తీసుకుని, గార్డులకు ఎంత, వీధిలో మనుషులతో మాట్లాడి సేవలకు పంపే కార్యకర్తలకు ఎంత అని అడగండి.

ప్రశ్న: మా కిరాణా దుకాణానికి ఎదురుగా వ్యసనం నుంచి బయటపడుతున్నవారికి నివాసం కట్టబోతున్నారు. వీధిలో వ్యాపారులందరం కలిసి వ్యతిరేకిస్తూ సంతకాలు పెడుతున్నాం. మీ శీర్షికలో వ్యసనపరుల పట్ల చూపే జాలిలో పావు వంతు మా మీద చూపితే బాగుండేది.

జవాబు: పన్నెండు గంటలు నిలబడి సరుకు అమ్మి, రాత్రికి గుమ్మం కడుక్కుని ఇంటికి పోయే మనిషి మీద జాలి లేకపోతే ఈ శీర్షిక రాయనే రాయను. అయినా ఆ సంతకం పెట్టే ముందు ఆలోచించమంటాను. ఆ భవనం రాకపోతే అందులో ఉండాల్సిన మనుషులు ఊరు వదిలి పోరు, మీ వీధిలోనే ఉంటారు, గది లేకుండా.

సంతకం బదులు షరతులు అడగండి. కెనడా నగరాల్లో ఇలాంటి కేంద్రాలు చుట్టుపక్కల వారితో "మంచి పొరుగు ఒప్పందం" రాసుకునే ఆనవాయితీ ఉంది. నివాసం 24 గంటలూ తెరిచి ఉంటుందా, లేక పగలు బయటికి పంపుతారా? రాత్రి రెండు గంటలకు ఫోన్ చేస్తే ఎత్తే మనిషి నంబరు ఏది? పొగకు చోటు లోపలి పెరట్లో పెడతారా, వీధి వైపు పెడతారా? భోజనం లోపల పెడతారా, లేక బయట వరుస కట్టాలా? ఎన్ని మీటర్ల దూరం వరకు కాలిబాటను వాళ్లు ఊడుస్తారు, రోజుకు ఎన్నిసార్లు? ఉండేవారికి చికిత్స అక్కడే అందుతుందా, లేక చీటీ రాసి ఇంకెక్కడికో పంపుతారా? మూడు నెలలకోసారి వ్యాపారులతో కూర్చుని ఫిర్యాదుల పుస్తకం తెరుస్తారా? వీటిని కాగితం మీద రాయించి, నగర మండలి అనుమతిలో భాగం చేయమని విచారణ రోజు అడగండి. మాట్లాడటానికి పేరు ముందే నమోదు చేసుకోవాలి, ఇచ్చే సమయం కొద్ది నిమిషాలే ఉంటుంది కాబట్టి ఎవరు ఏ ప్రశ్న అడగాలో ముందే పంచుకుని వెళ్లండి.